6, 7, 8 తరగతుల పిల్లలను పేరు అడగకుండా అడగండి: పాఠశాల విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

మంత్రి గారికి నమస్కారం.

11 నుంచి 14 ఏళ్ల పిల్లలు సిగరెట్ ముట్టుకోవడం, ఈ-సిగరెట్ పీల్చడం, జిగురు వాసన పీల్చడం, తోటివాళ్లను వేధించడం, తమ ఒంటిని తామే గాయపరచుకోవడం గురించి ఏదో ఒక బడిలో ఘోరం జరిగినప్పుడే మాట్లాడుకుంటున్నాం. నాలుగు రోజులు హడావుడి, ఒక అవగాహన సదస్సు, బ్యాగుల తనిఖీ, ఆ తర్వాత మళ్లీ మౌనం. ఏ అలవాటు ఏ తరగతిలో మొదలవుతోందో, ఎంతమందిలో మొదలవుతోందో తెలియకుండానే ఇదంతా సాగుతోంది. పిల్లల ఆరోగ్య సర్వేలు తయారుచేసి నడిపే పనిలో ఉన్నవాళ్లుగా మేము కోరేది ఒకటే. ఈ మూడు తరగతుల విద్యార్థులను రెండేళ్లకోసారి పేరు లేని సర్వేతో అడగండి. పద్ధతి చెడితే అడగకపోవడమే నయం, అందుకే లేఖలో సగానికి పైగా ఆ పద్ధతి గురించే రాస్తున్నాం.

ఈ తరగతులే ఎందుకని మీ అధికారులు అడుగుతారు. 15 ఏళ్లప్పుడు అడిగితే అప్పటికే పాతుకుపోయిన అలవాటు లెక్క వస్తుంది. 12 ఏళ్లప్పుడు అడిగితే అలవాటు ఇంకా మొలకెత్తే దశలోనే కనిపిస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థతో కలిసి చాలా దేశాలు 1980ల నుంచి నాలుగేళ్లకోసారి చేస్తున్న బడి పిల్లల సర్వే 11, 13, 15 ఏళ్ల వయసులను ఎంచుకున్నది ఆ మొలక దశను కూడా చూడటానికే. అమెరికాలో ఇలాంటి హైస్కూలు సర్వే 1991 నుంచి ఉంది, 6–8 తరగతుల మిడిల్ స్కూలుకు విడిగా, ఇంకా చిన్న ప్రశ్నాపత్రం వాడతారు. పెద్దపిల్లల పత్రాన్నే చిన్నపిల్లల చేతిలో పెడితే పని జరగదు.

ముందు ప్రశ్నల సంగతి. "నీకు పొగతాగే అలవాటు ఉందా?" అంటే రెండుసార్లు తాగిన పిల్లవాడు నిజాయతీగానే "లేదు" అని రాస్తాడు. "గత 30 రోజుల్లో ఎన్ని రోజులు సిగరెట్ తాగావు?" అని అడిగి, 0, 1–2, 3–5, 6–9, 10–19, 20–29, మొత్తం 30 అని గడులు ఇవ్వాలి. పక్కనే "మొదటిసారి తాగినప్పుడు నీ వయసెంత?" అన్న ప్రశ్న ఉండాలి. నివారణ కార్యక్రమం ఏ తరగతిలో మొదలుపెట్టాలో తేల్చేది ఈ రెండో ప్రశ్నే. "మాదకద్రవ్యాలు" అన్న మాట చాలామంది 11 ఏళ్ల పిల్లలకు అర్థం కాదు. అర్థమైన పిల్లలు కూడా జిగురును ఆ లెక్కలో వేసుకోరు. "మానసిక ఒత్తిడి" అన్నా అంతే. "రెండు వారాలో అంతకన్నా ఎక్కువో, దాదాపు ప్రతిరోజూ దిగులుగా ఉండి, మామూలుగా చేసే పనులు కొన్ని మానేశావా?" అంటే తెలుస్తుంది. పత్రంలో "మీరు" వద్దు, "నువ్వు" అని ఉంటే చాలు. ఉత్తర్వుల భాషలో అడిగితే పిల్లలు పరీక్ష రాసినట్టే రాస్తారు, అంటే మనకు నచ్చే జవాబు రాస్తారు.

"లేదు అని రాస్తే 20వ ప్రశ్నకు వెళ్లు" లాంటి సూచన పత్రంలో ఎక్కడా ఉండకూడదు. అలా ఉంటే "అవును" అన్న పిల్లవాడు మాత్రమే ఇంకా రాస్తూ కూర్చుంటాడు, పక్క బల్లవాళ్లకు విషయం తెలిసిపోతుంది. అందరూ అన్ని ప్రశ్నలూ చదవాలి, ప్రతి ప్రశ్నకూ "నేనెప్పుడూ చేయలేదు" అన్న గడి ఉండాలి. అసలు లేని ఒక మత్తుమందు పేరును కల్పించి జాబితాలో కలపడం మంచిది. దాన్ని వాడానన్న పత్రాలు గొప్పకు రాసినవని తెలుస్తుంది కాబట్టి లెక్కలోంచి తీసేయవచ్చు. ఒకచోట "ఎప్పుడూ తాగలేదు", ఇంకోచోట "గత నెలలో ఐదు రోజులు" అని ఉంటే ఆ రెండు జవాబులనూ ఖాళీగా లెక్కించాలి. 45 నిమిషాల పీరియడ్‌కు 40–50 ప్రశ్నలు మించకూడదు. ఆరో తరగతిలో చదవడం నెమ్మదిగా ఉండే పిల్లలుంటారు గనుక ప్రశ్నలను ఒకరు గట్టిగా చదివి వినిపించాలి. అచ్చుకు వెళ్లేముందు ప్రతి తరగతి నుంచి పదిపదిహేను మందిని కూర్చోబెట్టి, ఒక్కో ప్రశ్నను వాళ్ల మాటల్లో చెప్పమనండి. ప్రశ్నలు రాసినవాళ్లకు అదే అసలు పరీక్ష.

ఇక గదిలో జరగాల్సింది. క్లాస్ టీచర్ సర్వే పెట్టకూడదు. మార్కులు వేసే మనిషి ఎదురుగా నిలబడితే పిల్లలు నిజం రాయరు. బయటి నుంచి వచ్చిన వ్యక్తి గదిలో ముందువైపే నిలబడాలి, బల్లల మధ్య తిరగకూడదు. పిల్లలు ఎడంగా కూర్చోవాలి, జవాబులు కప్పుకోవడానికి ఒక ఖాళీ కాగితం ఇవ్వాలి. రాత ఉండకూడదు, గడులు నింపడమే. పూర్తయిన పత్రాన్ని పిల్లలే పెట్టెలో వేయాలి, ఆ పెట్టెకు వాళ్ల కళ్లముందే సీలు పడాలి. పేరు, రోల్ నంబర్, పుట్టినతేదీ ఏవీ వద్దు. తరగతి, నిండిన వయసు, ఆడపిల్లో మగపిల్లాడో చాలు. అదైనా సరే, 20 మంది ఉన్న తరగతిలో 15 ఏళ్లవాడు ఒక్కడే ఉంటే వయసే వాడి పేరవుతుంది. కాబట్టి విడి పత్రాలు గానీ, 30 మంది కంటే తక్కువ ఉన్న గుంపు లెక్కలు గానీ బడికి వెళ్లకూడదు. ట్యాబ్‌ల మీద పెట్టాలనుకుంటే విద్యార్థి లాగిన్ లేకుండా పెట్టండి. లాగిన్ ఉంటే గోప్యత ఉందని మనం చెప్పినా పిల్లలు నమ్మరు, నమ్మకపోవడంలో తప్పూ లేదు.

సర్వే ఎక్కువగా పాడయ్యేది ముందురోజు ప్రార్థన సమయంలో. "మన బడి పరువు నిలబెట్టండి" అన్న ఒక్క మాటతో ఆ బడి లెక్కలన్నీ పనికిరాకుండా పోతాయి. అలాంటి మాట చెప్పకూడదని ప్రధానోపాధ్యాయులకు ముందే రాతపూర్వకంగా తెలియజేయాలి.

సర్వే బడులను విద్యార్థుల సంఖ్యను బట్టి లాటరీ పద్ధతిలో ఎంచి, ఆ బడిలో తరగతులను మళ్లీ లాటరీ తీసి, ఎంపికైన తరగతిలో పిల్లలందరినీ అడగాలి. అమెరికా సర్వేలో చాలాకాలం మొత్తం స్పందన కనీసం 60 శాతం ఉంటేనే ఆ లెక్కలు ఆ ప్రాంతం పిల్లలందరికీ వర్తిస్తాయని ఒప్పుకునేవారు. మొత్తం స్పందన అంటే బడుల శాతాన్ని పిల్లల శాతంతో గుణించాలి. బడుల్లో 80 శాతం ఒప్పుకుని, పిల్లల్లో 70 శాతం రాస్తే వచ్చేది 56. రెండూ విడివిడిగా బాగున్నట్టే ఉంటాయి, సర్వే మాత్రం గట్టెక్కదు. పైగా ఆరోజు బడికి రాని పిల్లల్లోనే ప్రమాదపు అలవాట్లు ఎక్కువ. వాళ్లకోసం రెండు వారాల్లోపు మళ్లీ ఒకరోజు పెట్టాలి.

తల్లిదండ్రుల అనుమతి దగ్గర కూడా ఇదే చిక్కు. సంతకం చేసిన చీటీ తెచ్చినవాళ్లే రాయాలంటే, చీటీ ఎవరూ చూడని ఇళ్ల పిల్లలు జారిపోతారు. మనం ముఖ్యంగా తెలుసుకోవాల్సింది వాళ్ల గురించే. రెండు వారాల ముందు లేఖ పంపి, ప్రశ్నాపత్రాన్ని ఆఫీసులో చూడవచ్చని చెప్పి, వద్దనుకునే తల్లిదండ్రులు తెలియజేసేలా పెట్టడం మేలు. చట్టం సంతకమే కావాలంటే చీటీని ఒకసారి పంపి ఊరుకోకుండా మూడుసార్లు గుర్తుచేయాలి. ఇంట్లో సరేనన్నా, నచ్చని ప్రశ్నను ఖాళీగా వదిలే హక్కు తనకుందని పిల్లవాడికి తెలియాలి.

ఆత్మహత్య ఆలోచనల గురించి అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనన్న భయం మీ శాఖలో తప్పకుండా వస్తుంది. 13–19 ఏళ్ల విద్యార్థులను రెండు గుంపులు చేసి, ఒక గుంపునే ఆ ప్రశ్నలు అడిగి చూసిన పరిశోధన 2005లో వెలువడింది. అడిగిన గుంపులో ఆ ఆలోచనలు పెరగలేదు. కానీ అడిగి వదిలేయడం అన్యాయం. పేరు లేదు గనుక ఏ పిల్లవాడు రాశాడో మనకు తెలియదు. అందుకే పత్రంతో పాటు ప్రతి ఒక్కరికీ ఒక చిన్న చీటీ ఇవ్వాలి, దాని మీద "ఎవరితోనైనా మాట్లాడాలని ఉంది" లేదా "ఇప్పుడు అవసరం లేదు" అని అందరూ గుర్తు పెట్టాలి. మాట్లాడాలనుకునేవాళ్లు మాత్రమే పేరు రాస్తే రాసేవాళ్లెవరో తెలిసిపోతుంది కాబట్టి చీటీ మీద అందరూ పేరు రాయాలి. చీటీల పెట్టె వేరు, పత్రాల పెట్టె వేరు. ఆరోజు, మర్నాడు కూడా శిక్షణ ఉన్న కౌన్సెలర్ బడిలో ఉండాలి. కౌన్సెలర్ దొరకని బడిలో ఆ ప్రశ్నలు ఈసారికి తీసేయండి.

లెక్కలు వచ్చాక ఎనిమిది వారాల్లోపు బడికి చేరాలి. ఏడాది ఆలస్యమైతే ఆ పిల్లలు తరగతి దాటేస్తారు. ఐస్‌లాండ్‌లో 15–16 ఏళ్లవాళ్లలో గత నెలలో తాగి మత్తెక్కినవాళ్లు 1998లో 42 శాతం, 2016 నాటికి 5 శాతం. ఆ దేశం బడుల సర్వేను ఆపకుండా చేసింది, ఫలితాలను స్థానికంగా బడులకూ తల్లిదండ్రులకూ అందించింది, సాయంత్రాలు పిల్లలు ఆటల్లో, కళల్లో గడిపేలా డబ్బు పెట్టింది. బడులకు ర్యాంకులు ఇవ్వడం మాత్రం ఎప్పుడూ వద్దు. ర్యాంకు ఇచ్చిన మరుసటి సర్వేలో అన్ని బడులూ "బాగుపడతాయి", పిల్లలు మాత్రం అలాగే ఉంటారు.

తోటివాళ్లలో ఎంతమంది సిగరెట్ తాగుతారని పిల్లలను అడిగితే ఉన్నదానికంటే ఎక్కువ చెబుతారు. "ఏడో తరగతిలో వందకు 92 మంది ఎప్పుడూ ముట్టుకోలేదు" లాంటి నిజమైన లెక్క దొరికితే అది వాళ్లకు బలం. అయితే తక్కువమంది చేసే పనికే ఇలా చెప్పాలి. సగానికి మించి పిల్లలు హెల్మెట్ పెట్టుకోవడం లేదని తేలితే ఆ అంకెను ప్రచారం చేయకూడదు, అదే మామూలు అనిపిస్తుంది.

మిగిలిన మత్తులకు భిన్నంగా, ఆవిరులు పీల్చడం సరిగ్గా ఈ వయసులోనే ఎక్కువ, పెద్దయ్యేకొద్దీ తగ్గుతుంది. వైట్‌నర్, జిగురు, థిన్నర్, స్ప్రేలు డబ్బాలుగా ఇంట్లోనో బడి బీరువాలోనో ఉంటాయి. మొదటిసారికే ప్రాణం పోవచ్చు, ఎందుకంటే ఆ రసాయనాలు గుండెను, భయపడినప్పుడు ఒంట్లో ఊరే అడ్రినలిన్ అనే హార్మోన్‌కు విపరీతంగా స్పందించేలా చేస్తాయి. అందుకే పీలుస్తూ కనిపించిన పిల్లవాడిని గద్దించకూడదు, వెంటపడకూడదు, పరిగెత్తనివ్వకూడదు. భయం, పరుగు అడ్రినలిన్‌ను ఎగదోస్తే గుండె లయ తప్పుతుంది. మెల్లగా మాట్లాడి, గాలి ఆడేచోట కూర్చోబెట్టి, వైద్యసాయం పిలవాలి. స్పృహ తప్పి ఊపిరి ఆడుతుంటే పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, ఊపిరి లేకపోతే సీపీఆర్ (ఛాతీని నొక్కుతూ చేసే ప్రథమ చికిత్స) మొదలుపెట్టాలి. మూతి, ముక్కు చుట్టూ దద్దురు, బట్టలకు రసాయనాల వాసన, జేబులో తడి గుడ్డముక్క గుర్తులు. పాఠంలో ఏ వస్తువులు పీలుస్తారో పిల్లలకు జాబితా చదవకండి. "ఇవి విషం, కిటికీలు తెరిచి పెద్దవాళ్లు వాడేవి" అంటే చాలు. బడికి కొనేవి నీటితో తయారైన జిగురు, మార్కర్లే కావాలని కొనుగోలు నిబంధనలో రాయండి.

ఈ-సిగరెట్లలో వాడే నికోటిన్ లవణాలు గొంతులో గరగర లేకుండా దిగుతాయి, చిన్నపిల్లవాడు దగ్గకుండానే ఎక్కువ మోతాదు తీసుకుంటాడు. ఎదిగే మెదడు సుమారు 25 ఏళ్ల వరకు సున్నితంగా ఉంటుంది. నికోటిన్ అందని కొన్ని గంటలకే చిరాకు, ఏకాగ్రత లేకపోవడం మొదలై, రెండు మూడు రోజుల్లో తారస్థాయికి చేరి, మూడు నాలుగు వారాల్లో తగ్గుతాయి. టీచర్‌కు అది పొగరులా కనిపిస్తుంది. దొరికిన పిల్లవాడిని వారం రోజులు ఇంటికి పంపితే, ఆ కష్టమైన రోజులన్నీ పెద్దల చూపు లేకుండా గడుస్తాయి. బడిలోనే ఉంచి, రోజూ పది నిమిషాలు కౌన్సెలింగ్ ఇప్పించండి.

నిద్ర గురించి మీ చేతిలోనే ఒక మందుంది. 12 ఏళ్ల వరకు 9–12 గంటలు, 13 దాటాక 8–10 గంటలు నిద్ర కావాలి. యుక్తవయసు మొదలవగానే శరీర గడియారం రెండు గంటల దాకా ఆలస్యమవుతుంది గనుక త్వరగా పడుకోమంటే నిద్ర రాదు. మిడిల్ స్కూళ్లు 8.30 కంటే ముందు మొదలవ్వకూడదని అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2014లోనే చెప్పింది. అదనపు తరగతులను తెల్లవారుజామున పెట్టే బడులకు ఈ అంకె చూపించండి. నిద్ర చాలని పిల్లలు ఎనర్జీ డ్రింక్ పట్టుకుంటారు. 250 మిల్లీలీటర్ల డబ్బాలో సుమారు 80 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుంది, ఐరోపా ఆహార భద్రతా సంస్థ పిల్లలకు చెప్పిన హద్దు రోజుకు కిలో బరువుకు 3 మిల్లీగ్రాములు. 35 కిలోల పిల్లవాడికి 105. పెద్ద డబ్బా ఒక్కటి తాగినా దాటిపోతుంది.

యూనిఫాం వేసుకున్న అధికారి వచ్చి చెప్పే మత్తు వ్యతిరేక పాఠాలు అమెరికాలో 1983 నుంచి నడిచాయి, వాటివల్ల వాడకం చెప్పుకోదగ్గంతగా తగ్గలేదని మదింపుల్లో తేలింది. ఫలితం చూపిన కార్యక్రమాల్లో ఒకటి మిడిల్ స్కూలు మొదటి ఏడాది 15 తరగతులు, రెండో ఏడాది 10, మూడో ఏడాది 5 నడుపుతుంది. అందులో పిల్లలు "వద్దు" అనడాన్ని జంటలుగా నోటితో సాధన చేస్తారు. ఒక్కరోజు సదస్సుకు పెట్టే ఖర్చును టీచర్లకు ఈ శిక్షణ ఇప్పించడానికి మళ్లించండి.

ఖర్చేమీ లేని పని ఇంకొకటి ఉంది. పిల్లలు వెళ్లిపోయాక స్టాఫ్‌రూమ్ గోడ మీద అందరి పేర్లూ అంటించి, ఏ పిల్లవాడి ఇష్టాలు, ఇంటి సంగతులు తమకు తెలుసో ఆ పేరు పక్కన టీచర్లు చుక్క పెట్టాలి. చుక్క లేని పేర్లను పంచుకుని, ఒక్కో పెద్దమనిషి వారానికి రెండుసార్లు ఆ పిల్లలతో మాట్లాడాలి. బడిలో తనను పట్టించుకునే పెద్దవాళ్లున్నారని నమ్మే పిల్లలు మేము ఇక్కడ రాసిన ప్రమాదాలన్నింటికీ కొంత దూరంగా ఉంటారు.

మీరు ఇచ్చే ఉత్తర్వులో ఈ మూడు వాక్యాలు యథాతథంగా ఉండాలని కోరుతున్నాం. "సర్వే జవాబుల ఆధారంగా ఏ విద్యార్థిపైనా, ఏ ఉపాధ్యాయునిపైనా, ఏ పాఠశాలపైనా చర్య తీసుకోరాదు. పాఠశాలల వారీ ఫలితాలను ఆ పాఠశాలకు, అక్కడి తల్లిదండ్రులకు తప్ప ఎవరికీ ఇవ్వరాదు. పూర్తి చేసిన పత్రాలను లెక్కింపు ముగిసిన 90 రోజుల్లో నాశనం చేసి, ఆ సంగతి పాఠశాలకు తెలియజేయాలి."

ఇట్లు,
పాఠశాల ఆరోగ్య సర్వేల రంగంలో పనిచేస్తున్నవారు