ఫోను పొట్ట మీద పెట్టుకోవచ్చా? ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

ఏజెన్సీలో పనిచేసే ఒక ఆశా కార్యకర్త నమస్కారాలు.

"అక్కా, ఫోను పొట్ట మీద పెట్టుకుంటే బిడ్డకేమైనా అవుతుందా?" కడుపుతో ఉన్న పిల్లలు నన్ను తరచూ అడిగే మాట ఇది. జవాబు కోసం అర్జీలు పెట్టాం. ఒక ఆఫీసు టెలికాం వాళ్లనడగమంది. ఇంకో ఆఫీసు ఆరోగ్యం సంగతి తమది కాదంది. ఆఖరికి వచ్చిన కాగితం నిండా టవర్ల తరంగాల పరిమితులే. మేమడిగింది టవరు గురించి కాదు సార్!

టవర్ల పరిమితిని 2012లో అంతర్జాతీయ ప్రమాణంలో పదో వంతుకు తగ్గించారు, సంతోషం. పొట్టకు ఆనుకుని ఉండేది మాత్రం ఫోను. సిగ్నల్ సరిగా అందని మా ఊళ్లలో అదే ఫోను ఇంకా ఎక్కువ శక్తితో తరంగాలు పంపుతుంది. ఫోను నుంచి ఒంట్లోకి చేరే శక్తి కిలో కండకు 1.6 వాట్లు దాటకూడదని దానికీ పరిమితి ఉంది. అది దాటుతోందా అని పరీక్షించేది మాత్రం బొమ్మల మీద. తల దగ్గర పరీక్షించే బొమ్మ పెద్ద మగమనిషి తల కొలతలతో చేసింది. ఒంటి దగ్గర పరీక్షకైతే ద్రవం నింపిన చదునైన తొట్టె. ఆరు వారాల పిండానికి ఎంత చేరుతుందో ఆ తొట్టె ఎలా చెబుతుంది?

హాని జరుగుతుందని రుజువు కాలేదని నాకు తెలుసు. ఎవరినీ భయపెట్టాలని రాయడం లేదు. జవాబు లేక ఏం జరుగుతోందో చూడండి. ఒక ఇంట్లో అత్తగారు కోడలి ఫోను తీసి బీరువాలో పెట్టేసింది. రక్తస్రావం మొదలైన రోజు ఆ పిల్ల నాకు ఫోను చేయలేకపోయింది. నేను చేసినా ఎత్తే దిక్కు లేదు. ఇంకొకామె సంతలో రేడియేషన్ ఆపుతుందని అమ్మిన స్టిక్కరు కొని, ఆ ధైర్యంతో ఫోను పొట్ట పక్కనే పెట్టుకుని పడుకుంటోంది. ఈ ఇద్దరికీ నేనేం చెప్పాలి? బీపీ, బరువు, హిమోగ్లోబిన్ అన్నీ కార్డులో రాస్తున్నాను. ఫోను గురించి ఒక్క గడి లేదు.

పన్నెండు వారాల్లోపు నమోదు చేయమంటారు, చేస్తున్నాం. అప్పటికే గుండె, వెన్ను, కాళ్లూ చేతులూ ఏర్పడిపోతాయి. ఫోను ప్రభావం మీద అధ్యయనం చేసి మొదటి వారాల సంగతి తెలుసుకోవాలంటే ఇంకా ముందే మొదలుపెట్టాలి. అర్హులైన దంపతుల రిజిస్టరు మా దగ్గరే ఉంది కదా! పిల్లల కోసం చూస్తున్నవాళ్లను, వాళ్లకు ఇష్టమైతేనే, అందులోంచి అధ్యయనానికి చేర్చుకోండి. ఫోను తరంగాలను కొలిచే చిన్న మీటరు తలా ఒకటి ఇవ్వండి. అమెరికాలో 2017లో వెలువడిన ఒక అధ్యయనం కోసం 913 మంది గర్భిణులు ఒక రోజంతా మీటరు వెంట ఉంచుకున్నారు. అది కొలిచింది అయస్కాంత క్షేత్రాలను, ఫోను తరంగాలను కాదు. అయినా మీటరు పెట్టి కొలవడం సాధ్యమేనని తెలిసింది. కాన్పయ్యాక "రోజుకెన్ని గంటలు ఫోను వాడావమ్మా" అని అడిగితే ఎవరికి గుర్తుంటుంది?

దేశంలో వైద్య పరిశోధనలు చూసే ఐసీఎంఆర్‌తో మాట్లాడి ఈ పని చేయించండి సార్. దానికి ఏళ్లు పడుతుందని తెలుసు. ఈలోగా తెలిసిందెంత, తెలియనిదెంత అన్నది ఒక్క పేజీలో రాయించండి. ఫోను ఒంటికి కాస్త ఎడంగా పెట్టుకోండి, స్విచాఫ్ మాత్రం చేయకండి అని మీ సంతకంతో చెప్పండి. నేను చెబితే నమ్మనివాళ్లు మీరు చెబితే నమ్ముతారు. ప్రతి నెలా తొమ్మిదిన గర్భిణులు చెకప్‌కి వస్తారు. వచ్చే నెల తొమ్మిదికల్లా ఆ కాగితమైనా మాకు అందేలా చూడండి.

ఇట్లు,
ఒక ఆశా కార్యకర్త