సంక్రాంతి తర్వాత మా దగ్గర ఆల్బమ్ చేయించుకున్నవాళ్లకి

అందరికీ నమస్కారం. ఈ ఏడాది సంక్రాంతి నుంచి జూన్ దాకా మేం చేసిన 37 ఫ్యామిలీ స్క్రాప్‌బుక్‌లలో వాడిన షీట్లు మంచివి కావు. ఈ మాట మీకు నా నోటితోనే తెలియాలని రాస్తున్నాను.

పోయిన నెల ఒక కస్టమర్ షోకేసులో తెరిచి పెట్టుకున్న ఆల్బమ్ తెచ్చారు. ఫోటో తీసి చూస్తే దాని కింద తెల్లగానే ఉంది, చుట్టూ మాత్రం పాత న్యూస్‌పేపర్ రంగు. కాగితాన్ని కాలక్రమంలో పాడుచేసే ఆసిడ్ అందులో ఉందో లేదో చూపించే పీహెచ్ పెన్నుతో గీత గీశాను. ఆసిడ్ లేని కాగితమైతే గీత ఊదా రంగులోకి మారాలి, ఇది పసుపు పచ్చగానే ఉండిపోయింది. మూడేళ్లుగా నాకు పత్తి గుజ్జు కాగితం పంపే సప్లయర్ ఈసారి చెక్క గుజ్జు కలిపాడు, బిల్లు మీద మాత్రం ఎప్పటిలాగే ఆసిడ్ ఫ్రీ అనే రాశాడు. ఫోన్ చేస్తే "చూడ్డానికి అలాగే ఉంది కదా మేడమ్" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ మింగుడు పడటం లేదు. మా అమ్మానాన్నల పెళ్లి ఫోటోలు జిగురు పేజీల ఆల్బమ్‌లో అతుక్కుపోయి పాడైతేనే కదా నేనీ పని మొదలుపెట్టింది! మొదట్లో ప్రతి కట్టలోంచీ ఒక షీటు తీసి పరీక్షించేదాన్ని, నమ్మకం కుదిరాక మానేశాను. అది నా తప్పు.

ఫోటోలకి నేనెప్పుడూ జిగురు పూయను, మూలల్ని పట్టి ఉంచే కార్నర్లే పెడతాను, కాబట్టి అవి క్షేమంగా బయటికి వస్తాయి. వారం రోజులు నాకు నిద్ర లేకుండా చేసింది పేజీల మీది చేతిరాత. ఒకరి ఆల్బమ్‌లో తాతగారు వణికే చేత్తో ప్రతి ఫోటో కిందా పేర్లు, ఊళ్లు రాశారు, వేసవిలో ఆయన పోయారు. ఆ పేజీని ఎలా పారేస్తాం? రాత వరకు కత్తిరించి కొత్త పేజీ మీద అంటిద్దామా అని కత్తెర తీసి కూడా మళ్లీ పెట్టేశాను. ఆ ముక్కలోనూ ఆసిడ్ ఉంటుంది, పైగా ఆయన చెయ్యి ఆగిన చోట నా కత్తెర పడటం నాకు నచ్చలేదు. చివరికి ఇలా అనుకున్నాను: అసలు ఫోటోలు కొత్త పేజీల్లోకి వెళ్తాయి, పాత పేజీలో వాటి స్థానంలో స్కాన్ చేసిన ప్రింట్లు పెడతాను, రాత ఉన్న పేజీ పాలిస్టర్ కవర్‌లో అదే ఆల్బమ్‌లో ఉంటుంది. మీకు ఇష్టం లేకపోతే చెప్పండి, మీరు ఒప్పుకోకుండా ఒక్క పేజీ ముట్టుకోను.

ఖర్చంతా మాదే, రానూపోనూ కొరియర్‌తో సహా. అప్పటిదాకా ఎండ తగలనివ్వకండి, చెమ్మ పట్టే గోడ బీరువాలో పెట్టకండి, ఫోటోలు మీరే తీసే ప్రయత్నం చెయ్యకండి.

ఇదంతా చూసి, ప్రింటెడ్ ఫోటోబుక్‌లకి మారిపో, టెన్షన్ ఉండదు అని ఇంట్లో అంటున్నారు. మారను. పసుపు అంటిన శుభలేఖని, అమ్మమ్మ రాసిన ఆవకాయ కొలతల చీటీని చేత్తో తాకి చూడాలనే మీరు నా దగ్గరికి వస్తున్నారు. ఈ 37 ఆల్బమ్‌లూ సరిచేసి ఇచ్చేదాకా కొత్త ఆర్డర్లు తీసుకోను, దసరా పెళ్లిళ్ల ఆర్డర్లు పోయినా సరే.