ఊరొదిలి పోవచ్చు కదా అన్నావు చూడు

ఒరే శీనూ,

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. నెలాఖరు లెక్కలు నెత్తిమీద పడి జవాబు రాయలేకపోయాను. ఇవాళ ఆదివారం, ఇంట్లో వాళ్ళంతా పెళ్ళికి వెళ్ళారు. తీరిగ్గా కూర్చున్నాను కాబట్టి ఉత్తరం పొడుగైతే విసుక్కోకు.

జపాన్ బొమ్మల కథల రచయిత జుంజి ఇటో గీసిన భయానక కథ 'ఉజుమాకి' గురించి అడిగావు. నిజంగా అంత భయంకరంగా ఉంటుందా, లేక ఊరికే అందరూ గోల చేస్తున్నారా అన్నావు. ఎవరో సగం కథ చెబితే విని, "అన్ని ఘోరాలు జరుగుతుంటే ఆ పిల్ల ఊరొదిలి పోవచ్చు కదా" అని కూడా రాశావు. మొదటిదానికి జవాబు తేలికే. భయంకరంగానే ఉంటుంది. రెండోదాని గురించి మాత్రం నాకు చాలా చెప్పాలనుంది. ఎందుకంటే నా దగ్గర ఆ పుస్తకం తీసుకెళ్ళినవాళ్ళు ఒక్కొక్కరూ ఒక్కో రకంగా కదిలిపోయారు గానీ, తిరిగిచ్చేటప్పుడు దాదాపు అందరూ ఈ మాట అన్నవాళ్ళే.

ముందు ఆ మనిషి గురించి కాస్త. ఇటో 1963లో గిఫు ప్రాంతంలో పుట్టాడు. మొదట్లో కట్టుడు పళ్ళూ అవీ తయారుచేసే డెంటల్ టెక్నీషియన్‌గా పనిచేశాడు. 1987లో తొలి కథ అచ్చయింది. 'ఉజుమాకి' 1998, 1999 సంవత్సరాల్లో 'బిగ్ కామిక్ స్పిరిట్స్' అనే వారపత్రికలో సీరియల్‌గా వచ్చింది. జపాన్‌లో మూడు భాగాలుగా అచ్చు వేశారు. నా దగ్గరున్నది మూడూ కలిపిన ఇంగ్లీషు పుస్తకం, ఆరు వందల పేజీలు దాటుతుంది. కురోజు అని సముద్రం ఒడ్డున ఒక చిన్న ఊరు. కిరియే అనే హైస్కూలు అమ్మాయి కథ చెబుతుంటుంది. ఆ ఊరికి పట్టింది దయ్యం కాదు, రాక్షసుడు కాదు. ఒక ఆకారం. సుడి. నత్తగుల్ల మీద, గాలిలో, నీళ్ళలో, పొగలో, చివరికి మనుషుల ఒంట్లో.

మా ఆఫీసులో మూర్తిగారని ఉన్నారు, దయ్యాల సినిమాలంటే పడిచస్తారు. ఆయన పుస్తకం పట్టుకెళ్ళి రెండు మూడు రోజుల్లో చదివేశారు. వచ్చి నా కుర్చీ పక్కన నిలబడి, "అంతా బానే ఉంది గానీ ఫ్లాష్‌బ్యాక్ ఏదండీ?" అన్నారు. ఆయన అడిగింది న్యాయమే. మన దయ్యం కథల్లో దయ్యానికి ఒక గతం ఉంటుంది. ఎవరో మోసం చేసుంటారు, ఎవరో చంపి బావిలో పడేసుంటారు. పగ తీరితే పోతుంది, లేదా భూతవైద్యుడు వచ్చి కడతాడు. కారణం తెలిసిందంటే సగం భయం అక్కడే తీరిపోతుంది. ఈ కథలో ఎవరి పాపమూ లేదు, ఎవరి శాపమూ లేదు. మంచివాళ్ళకీ అదే గతి, చెడ్డవాళ్ళకీ అదే గతి. మూర్తిగారు చివరి పేజీ దాకా కారణం కోసం వెతికారట. దొరక్కపోయేసరికి మొదట కోపం వచ్చిందనీ, ఆ రాత్రి పడుకున్నాక ఆ కోపమే భయంగా మారిందనీ చెప్పారు. నాకు తెలిసి ఈ పుస్తకం గురించి ఇంతకంటే సరిగ్గా చెప్పినవాళ్ళు లేరు.

మా అక్క కూతురు స్వాతి, డిగ్రీ చదువుతోంది గదా, అది మొదట నవ్వింది. నత్త అధ్యాయం ఒకటుంది. కతయామా అనే కుర్రాడు, ఒట్టి మందకొడి మనిషి, వాన పడిన రోజే బడికి వస్తాడు. ఒళ్ళంతా తడి. తోటి పిల్లలు ఏడిపిస్తారు, బట్టలు లాగుతారు. వీపు మీద సుడి మచ్చ కనిపిస్తుంది. రోజురోజుకీ అది ఉబ్బుతుంది, కళ్ళు కాడల మీద బయటికొస్తాయి, చివరికి గోడ మీద పాకే నత్త అయిపోతాడు. "మామయ్యా, ఇదేం భయం, కామెడీ కదా" అని స్వాతి ఆ పేజీ తెచ్చి చూపించి ఒకటే నవ్వు. నవ్వడంలో తప్పేమీ లేదు. జపాన్ హాస్యపు బొమ్మల్లో బుగ్గల మీద సుడి గీసే అలవాటు ఉందని, దాన్నే ఇంకో రకంగా గీస్తే భయపెట్టొచ్చనిపించిందని ఇటోయే చెప్పాడు. కథ కోసం నత్తల్ని పెంచాడట, స్నానాల తొట్టిలోంచి నీళ్ళు బయటికి వదిలి సుడి ఎలా తిరుగుతుందో చూస్తూ కూర్చున్నాడట. నవ్వుకీ జలదరింపుకీ మధ్య గీత ఎంత సన్ననిదో తెలిసే గీశాడు.

అయితే స్వాతి ఇంకా ముందుకు చదివింది. తుపాన్లు వచ్చి ఊరు నేలమట్టమై, తిండి లేక జనం అల్లాడే అధ్యాయాలకు వచ్చింది. అప్పటికి ఎంతోమంది నత్తలైపోయి ఉంటారు. ఆకలితో ఉన్నవాళ్ళు ఏం తింటారో నువ్వే ఊహించుకో. నిన్నటిదాకా ఆ నత్త ఎవరి కొడుకో, ఎవరి స్నేహితుడో వాళ్ళకి తెలుసు. స్వాతి అక్కడ పుస్తకం మూసేసి వంటింట్లోకి పోయి వాళ్ళమ్మ పక్కన కూర్చుందట. "నవ్వినందుకు సిగ్గేసింది మామయ్యా" అని ఫోన్ చేసి చెప్పింది. దానికి కలిగింది అసహ్యం కాదు, జాలి. వందల పేజీల కింద వేళాకోళం చేసిన కుర్రాడి మీద జాలి. ఒక బొమ్మల కథ ఇరవై ఏళ్ళ పిల్ల చేత అంత పని చేయించిందంటే దాన్ని ఒట్టి రోత పుస్తకం అని ఎలా తీసిపారేస్తాం చెప్పు?

మా ఆవిడ సంగతి వేరు. తను మొదటి రెండు అధ్యాయాలు చదివి ఆపేసింది. ఆ రెండూ షూయిచి అనే అబ్బాయి తల్లిదండ్రుల కథ. షూయిచి అంటే కిరియే ప్రేమించిన కుర్రాడు. వాళ్ళ నాన్నకి సుడి పిచ్చి పట్టుకుంటుంది. పని మానేసి ఇంటి నిండా సుడులున్న వస్తువులు పోగేస్తాడు. ఆఖరికి ఒక గుండ్రటి చెక్క తొట్టి తెప్పించుకుంటాడు. పేజీ తిప్పితే ఆ తొట్టిలో ఆయన. ఎలా ఉన్నాడో రాయను, నువ్వే చూడాలి. ఇటో పనితనమంతా ఆ పేజీ తిప్పడంలోనే ఉంది. ఈ పుస్తకం కుడి నుంచి ఎడమకి సాగుతుంది కాబట్టి, ఎడమ పేజీ చివర గడిలో ఎవరో ఒకరు దేన్నో చూసి కొయ్యబారిపోయి ఉంటారు. ఏం చూశారో తెలియాలంటే మన చేత్తో మనమే కాగితం తిప్పాలి. సినిమాలో అయితే కళ్ళు మూసుకున్నా సీన్ దానంతటది సాగిపోతుంది. ఇక్కడ అలా కుదరదు.

మా ఆవిడ ఆగింది అక్కడ కాదు, ఆ తర్వాత. భర్త పోయాక తల్లికి సుడి అంటేనే చచ్చే భయం పట్టుకుంటుంది. ఆసుపత్రిలో పెడతారు. వేలిముద్రల్లో సుడి ఉందని వేలి కొసలు కోసేసుకుంటుంది. ఇక షూయిచి టెన్షన్ అంతా ఒక్కటే. చెవి లోపల కూడా సుడి ఆకారం ఉంటుందని అమ్మకి తెలియకూడదు. ఆ కుర్రాడు అమ్మ మంచం పక్కన అలా కాపలా కాస్తుంటే మా ఆవిడకి వాళ్ళ నాన్నగారి ఆఖరి రోజులు గుర్తొచ్చాయి. జబ్బు పేరు ఆయన చెవిన పడకుండా ఇంటిల్లిపాదీ నెలల తరబడి దాచాం కదా, నీకూ తెలుసు. రిపోర్టులు బీరువాలో బట్టల కింద పెట్టేవాళ్ళం. చూడటానికి వచ్చినవాళ్ళకి గుమ్మంలోనే చెప్పి లోపలికి పంపేవాళ్ళం. "ఇది భయపడే కథ కాదండీ, ఏడ్చే కథ" అని పుస్తకం నా చేతిలో పెట్టేసింది. మళ్ళీ ముట్టుకోలేదు. నేను బలవంతం చేయలేదు. చదివిన ఆ రెండు అధ్యాయాలు తను చదివినంత లోతుగా నేను చదవలేదేమో అనిపించింది.

ఈ కథతో తీసిన కార్టూన్ సిరీస్ గురించి కూడా అడిగావు. నాలుగు ఎపిసోడ్లు, 2024 సెప్టెంబరు చివర్లో మొదలైంది. 2019లోనే ప్రకటించి ఏళ్ళ తరబడి వాయిదా వేశారు కాబట్టి అభిమానులు కళ్ళు కాయలు కాసేలా ఎదురుచూశారు. నలుపు తెలుపుల్లో మొదటి ఎపిసోడ్ అద్భుతంగా వచ్చింది, ఇటో గీతలే లేచి నడిచినట్టుంది అని అందరూ మెచ్చుకున్నారు. రెండోదానికే నాణ్యత పడిపోయింది. అభిమానులు ఎంతగా మండిపడ్డారంటే, అసలేదీ చూపించకుండా ఆపేయడమా, లోపాలతో అయినా పూర్తిగా చూపించడమా అన్న పరిస్థితి వచ్చిందని తీసినవాళ్ళలో ఒకాయన బయటికి చెప్పాల్సి వచ్చింది. నాకు బొమ్మల నాణ్యత కంటే ఎక్కువ బాధ కలిగించింది హడావుడి. వారం వారం ఒక్కో ఘోరంగా వచ్చిన కథల్ని ఒకదాని మీద ఒకటి కుక్కేశారు. ఒక ఘోరానికీ ఇంకో ఘోరానికీ మధ్య ఊరు మామూలుగా బతికే రోజులు మాయమైపోయాయి. నువ్వు మాత్రం పుస్తకంతోనే మొదలుపెట్టు.

ఆ మామూలు రోజుల గురించే నీ ప్రశ్న. షూయిచి పక్క ఊళ్ళో చదువుకుంటాడు, రోజూ రైల్లో వెళ్ళొస్తాడు. బయటి గాలి తగిలినవాడు కాబట్టి సొంత ఊరి తేడా వాడికి మొదటి అధ్యాయంలోనే తెలిసిపోతుంది. "ఇక్కణ్ణుంచి వెళ్ళిపోదాం" అని కిరియేతో అప్పుడే అంటాడు. కానీ వాడూ పోడు. కిరియేకి నాన్న ఉన్నాడు, కుండలు చేస్తాడు. అమ్మ ఉంది, తమ్ముడున్నాడు, బడి ఉంది. ఇవాళ కళ్ళముందు స్నేహితురాలు మాయమైపోయినా, వచ్చే అధ్యాయంలో మళ్ళీ సంచీ తగిలించుకుని బడికి వెళుతుంది. చాలామంది పాఠకులు తప్పుబట్టేది దీన్నే. ఈ పిల్లకి బుద్ధి లేదా, నిన్నటిది మర్చిపోయిందా అంటారు. వారపత్రిక సీరియల్ కదా, ఏ వారానికి ఆ వారం కథ అలాగే ఉంటుంది అని ఇంకొందరు సర్దిచెబుతారు.

నేను ఆ సర్దుబాటు కూడా ఒప్పుకోను. మనుషులు ఉండేదే అలా. నల్లగొండ జిల్లాలో మర్రిగూడ వైపు ఫ్లోరైడ్ నీళ్ళు తాగి ఎముకలు వంకరపోయిన మనుషుల్ని మనం చిన్నప్పటి నుంచీ పేపర్లలో చూస్తూనే ఉన్నాం. ఆ నీళ్ళే తాగుతూ దశాబ్దాలు అక్కడే బతికారు. పొలం అక్కడ, ఇల్లు అక్కడ, అయినవాళ్ళు అక్కడ. ఎక్కడికి పోతారు, ఎవరు రమ్మన్నారు? ఊరొదిలి పోవచ్చు కదా అని వాళ్ళని అడగడానికి మనకి నోరు రాదు. కిరియేని మాత్రం టక్కున అడిగేస్తాం. ఆమె కాగితం మీది పిల్ల కాబట్టి.

కురోజు ఊరివాళ్ళు చివరి అధ్యాయాల్లో ఏం చేస్తారో తెలుసా? తుపానులకు తట్టుకుని నిలిచినవి పాత పెంకుటిళ్ళ వరసలు మాత్రమే. జనమంతా వాటిలోకే దూరతారు. చోటు చాలక ఇంటికి ఇల్లు అతికించుకుంటూ పోతారు. ఒళ్ళూ ఒళ్ళూ పెనవేసుకుపోయినా బయటికి రారు, పైగా ఇంకా కడుతూనే ఉంటారు. ఇటోకి మొట్టమొదట తట్టిన ఊహ ఇదేనట. ఒకే పొడుగాటి ఇంట్లో బోలెడుమంది కాపురముండే కథ గీద్దామనుకుని, అంత పొడుగు ఇంటిని ఎలా చూపించాలా అని ఆలోచిస్తే దోమల కాయిల్ లాగా చుట్టేయొచ్చని తోచిందట. సుడి తర్వాత వచ్చింది. ఒకే కప్పు కింద ఇరుక్కుని, అదే కాపురం అనుకుని సర్దుకుపోయే మనుషులు ముందు వచ్చారు. ఈ సంగతి తెలిశాక నేను పుస్తకం మళ్ళీ మొదటి నుంచి చదివాను. రెండోసారి నన్ను పట్టుకున్నవి తొట్టీ నత్తా కాదు. అధ్యాయానికి అధ్యాయానికి మధ్య కిరియే ఇంట్లో అన్నాలు తినే సీన్లు, "ఈమధ్య ఊరేమిటో బాలేదు" అని పెద్దవాళ్ళు అనుకుని మళ్ళీ పనిలో పడిపోయే సీన్లు.

ఆఖర్న ఏమవుతుందో చెప్పను. కొందరు దాన్ని నిరాశ అన్నారు. కొందరు అదే కిరియే, షూయిచిల పెళ్ళి అన్నారు. నాకు రెండో మాట నచ్చింది. నువ్వు చదివాక ఏ పక్షమో రాయి, అప్పుడు దెబ్బలాడుకుందాం.

ఇక అసలు జాగ్రత్త. చెల్లెమ్మకి ఇప్పుడు ఏడో నెల కదా. ఆ పుస్తకంలో ప్రసూతి ఆసుపత్రి మీద రెండు అధ్యాయాలు వరసగా ఉన్నాయి. మొదటిది దోమలతో మొదలవుతుంది. గర్భిణులు, పసిపిల్లలు, అవి ఇప్పుడు ఆమె కంట పడకూడదు. పురుడు పోసుకుని తేరుకునేదాకా పుస్తకం ఇంట్లో బయట పెట్టకు. ఆఫీసులో పెట్టుకుని చదువుకో. నవ్వులాటకి చెప్పట్లేదు. స్వాతి స్నేహితురాలి అక్క కడుపుతో ఉన్నప్పుడు అవి చదివి నానా అవస్థ పడిందట.

మా బావమరిది శుక్రవారం రాత్రి బండికి విశాఖ వస్తున్నాడు, పుస్తకం వాడి చేత పంపిస్తున్నాను. కుడి నుంచి ఎడమకి చదవాలి, గడులు కూడా అలాగే. మొదట్లో తికమకగా ఉంటుంది గానీ పది పేజీలకు అలవాటైపోతుంది. అన్నం తినే ముందు మాత్రం చదవకు. అత్తయ్యగారికి నమస్కారాలు చెప్పు. కాన్పు తేదీ ఎప్పుడిచ్చారో రాయి, మా ఆవిడ అడుగుతోంది.

నీ
రఘు