జెకిల్‌కు జబ్బేమీ లేదు

సంపాదకులకు నమస్కారం.

నేర వార్తల్లో ‘జెకిల్ అండ్ హైడ్ మనస్తత్వం’ అన్న మాట తరచూ కనిపిస్తోంది. పక్కనే ‘నిందితుడికి స్కిజోఫ్రీనియా ఉండొచ్చు’ అని కూడా రాసేస్తున్నారు. నేను డిగ్రీ కాలేజీలో ఇంగ్లిష్ చెప్పి రిటైరైనదాన్ని. మా తమ్ముడు చాలా ఏళ్లుగా ఆ మానసిక జబ్బుకే మందులు వాడుతున్నాడు. అందుకే ఈ మాట నన్ను రెండు వైపులా గుచ్చుతుంది.

జెకిల్, హైడ్ అన్నవి రాబర్ట్ లూయీ స్టీవెన్సన్ రాసిన ఒక చిన్న ఇంగ్లిష్ నవలలోని పేర్లు. అది 1886లో వచ్చింది. మరుసటి ఏడాదే నాటకమైంది. పుస్తకం ముట్టనివాళ్ల నోట కూడా ఆ పేరు నానింది, మనవాళ్లు ‘వాడో అపరిచితుడు’ అన్నట్టే. చిక్కేమిటంటే, పేరు తెలిసినంతగా కథ తెలియదు.

కథలో జెకిల్ లండన్‌లో పేరున్న డాక్టరు. చాటుమాటు సరదాలు తీరాలి, పరువు పోకూడదు. అందుకని తెలిసి తెలిసి రసాయనాలు కలుపుకుని తాగి హైడ్ అనే దుర్మార్గుడిగా మారతాడు. ఆ హైడ్ కోసం లండన్‌లోనే సోహో పేటలో వేరే ఇల్లు, వేరే బ్యాంకు ఖాతా! ఆస్తి కూడా అతని పేరనే వీలునామా రాస్తాడు. హైడ్ చేసిందంతా జెకిల్‌కు గుర్తుంటుంది. అదుపు తప్పేది తర్వాత. స్టీవెన్సన్ పుట్టిన ఎడిన్‌బరోలోనే బ్రోడీ అని ఒకడుండేవాడు. పగలు వడ్రంగుల సంఘం పెద్ద, రాత్రి కన్నాల దొంగ. 1788లో ఉరి తీశారు. అతని మీద స్టీవెన్సన్ మరొకరితో కలిసి నాటకమే రాశాడు. ఇలాంటి వాళ్లకు మనకు గోముఖవ్యాఘ్రం అన్న మాట ఉండనే ఉంది.

స్కిజోఫ్రీనియా అంటే ఒంట్లో ఇద్దరు మనుషులుండడం కాదు. 1908లో బ్లాయిలర్ అనే మానసిక వైద్యుడు పెట్టిన ఆ పేరుకు గ్రీకులో ‘చీలిన మనసు’ అని అర్థం రావడంతో ఈ గందరగోళం పెరిగింది. మా తమ్ముడికి లేని గొంతులు వినిపించేవి, ఇంట్లోవాళ్ల మీదే అనుమానం వచ్చేది. ఎవరినీ ఒక్క దెబ్బ కొట్టి ఎరగడు.

ఆసుపత్రిలో మానసిక చికిత్స పొందుతున్నవారి ఫొటో, వివరాలు వాళ్ల అనుమతి లేకుండా మీడియాకు ఇవ్వకూడదని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. అలాంటిది డాక్టరు చెప్పకుండానే విలేఖరి జబ్బు పేరు ఊహించి రాయడమేమిటి? పగలు విరాళాలిచ్చి రాత్రి చెరువులు కబ్జా చేసేవాళ్లను జెకిల్ అనండి, నాకేం అభ్యంతరం లేదు. రోగులను మాత్రం వదిలేయండి. మా తమ్ముడు రోజూ మీ పేపరు మొదటి పేజీ నుంచి చివరిదాకా చదువుతాడు.

— ఒక పాఠకురాలు, విజయనగరం