మా పాపను నిలబెట్టిన వాళ్లందరికీ కృతజ్ఞతలు

మా చెల్లెలి కూతురికి కాలేయ మార్పిడి జరిగి ఏడాది దాటింది. పాప ఇప్పుడు ఇల్లంతా తిరుగుతోంది, గిన్నెలన్నీ నేల మీద పరుస్తోంది. "ఎవరెవరికి దండం పెట్టాలో వాళ్లందరికీ పెట్టాలి, నువ్వు రాయి అన్నయ్యా" అని చెల్లెలు అడిగింది. నర్సంపేట దగ్గర జీవశాస్త్రం చెప్పుకునే మాస్టారిని కాబట్టి పాప జబ్బు సంగతి కూడా నాలుగు మాటలు రాస్తాను.

మొదటి దండం వాళ్ల ఊరి ఆశా కార్యకర్తకు. పాపకు పుట్టిన కొద్ది రోజుల నుంచే కళ్లు పచ్చగా ఉన్నాయి. పసిపిల్లలకు కామెర్లు మామూలే, పొద్దుటెండలో పడుకోబెడితే పోతాయన్నారు కొందరు. పసరు పోయించమన్నారు ఇంకొందరు. నెల దాటాక ఇంటికి వచ్చిన ఆశా అక్క మాత్రం కళ్లు చూసి ఊరుకోలేదు. ఉతకడానికి పక్కన పెట్టిన గుడ్డ తెప్పించుకుని విప్పి చూసింది. మలం పసుపుపచ్చగా లేదు, తడిసిన సుద్దముక్కలా తెల్లగా ఉంది. మూత్రం మాత్రం గుడ్డకు పచ్చటి మరక అంటించేంత ముదురుగా ఉంది. "ఇవి ఎండకు పోయే కామెర్లు కావు, రేపే వరంగల్ వెళ్లాలి" అని, మర్నాడు పొద్దున్నే తానే వెంట వచ్చింది.

కాలేయంలో తయారయ్యే పైత్యరసం పేగుల్లోకి దిగితేనే మలానికి రంగు వస్తుంది. పాపకు ఆ రసం దిగే నాళాలు మూసుకుపోయాయి. దీన్ని బైలరీ అట్రీసియా అంటారు. రసం లోపలే నిలిచిపోయి కాలేయాన్ని గట్టిపరుస్తుంది. వైద్యం అందకపోతే ఎక్కువమంది పిల్లలు రెండేళ్లు దాటి బతకరు. తైవాన్‌లో 2004 నుంచి దేశమంతటా మలం రంగులు అచ్చువేసిన కార్డు తల్లుల చేతికిస్తున్నారు. మా వాళ్ల ఊళ్లో ఆ కార్డు పని ఆశా అక్క కళ్లే చేశాయి. రెండు వారాలు దాటినా కామెర్లు తగ్గని పసిబిడ్డ ఎవరింట్లో ఉన్నా, డైరెక్ట్ బిలిరుబిన్ అనే రక్తపరీక్ష చేయించండి. దయచేసి ఆగకండి.

వరంగల్‌లో పాపను చూసిన పిల్లల డాక్టరమ్మకు రెండో దండం. గ్రహణం నాడు బయటికి వచ్చిందనీ, తినకూడనివి తిన్నదనీ అప్పటికే మా చెల్లెల్ని అనని మాట లేదు. డాక్టరమ్మ పెద్దవాళ్లందరినీ గదిలోకి పిలిచి కూర్చోబెట్టింది. తల్లి తిండి వల్లగానీ గ్రహణం వల్లగానీ ఈ జబ్బు రాదని నిదానంగా చెప్పింది. ఆ రోజు తర్వాత మా ఇంట్లో ఆ మాట మళ్లీ వినపడలేదు. మందుల చీటీ రాయడం కన్నా ఇదే పెద్ద వైద్యమని నేను గట్టిగా నమ్ముతాను.

హైదరాబాద్‌లో ముందు కసాయ్ ఆపరేషన్ చేశారు. పేగును నేరుగా కాలేయానికి కలిపే ఈ పద్ధతిని 1950లలో జపాన్ సర్జన్ మోరియో కసాయ్ కనిపెట్టారు. రెండు నెలల లోపు చేస్తే ఫలితం బాగుంటుంది. పాపకు సమయానికే చేసినా రసం చాలినంత దిగలేదు. పొట్ట ఉబ్బింది, చేతులు సన్నబడ్డాయి. ఇక మార్పిడే దారి అన్నారు. మా చెల్లెలు తన కాలేయంలో ఎడమవైపు చిన్న భాగం ఇచ్చింది. తల్లిదండ్రుల కాలేయం నుంచి ముక్క తీసి బిడ్డకు పెట్టడం ప్రపంచంలో మొదట సఫలమైంది 1989లో, ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో. మన దేశంలో 1998లో తండ్రి ఇచ్చిన కాలేయంతో బతికిన బాబుకూ ఇదే జబ్బు. అతను పెరిగి డాక్టరయ్యాడు. ఆపరేషన్ ముందు రాత్రి ఈ మాట చెప్తే మా బావ మొదటిసారి అన్నం తిన్నాడు.

ఇంకొకరికి కూడా దండం పెట్టాలి. 1963లో అమెరికాలోని డెన్వర్‌లో థామస్ స్టార్జల్ అనే సర్జన్ మనిషికి మొట్టమొదటిసారి కాలేయ మార్పిడికి పూనుకున్నారు. రోగి మూడేళ్ల బాబు. జబ్బు మా పాపదే. రక్తస్రావం ఆగక ఆ పసివాడు ఆపరేషన్ బల్ల మీదే పోయాడు. ఆ తర్వాత కూడా వరసగా రోగులు చనిపోయారు. కొంతకాలం ఆపి, మళ్లీ మొదలుపెట్టి, 1967లో గానీ ఒక చిన్నారిని ఏడాదికి పైగా బతికించలేకపోయారు. ఆ మూడేళ్ల బాబును కన్నవాళ్లు ఎంత ఆశతో అతన్ని లోపలికి పంపి ఉంటారో, ఐసీయూ బయట కూర్చున్న మాకు తెలుసు. వాళ్లకు మేం రుణపడి ఉన్నాం.

పాప రోజూ వేసుకునే ట్యాక్రోలిమస్ మందు 1984లో జపాన్‌లోని సుకుబా ప్రాంతపు మట్టిలో దొరికిన సూక్ష్మజీవి నుంచి వచ్చింది. మోతాదు తగ్గితే శరీరం కొత్త కాలేయాన్ని తిరస్కరిస్తుంది, పెరిగితే కిడ్నీలకు చెరుపు. అందుకే రక్తంలో మందు ఎంత ఉందో చూస్తుంటారు. పొద్దుటి డోసు వేయకముందే రక్తం తీయాలి. హన్మకొండలో ల్యాబ్ నడిపే తమ్ముడు తెల్లవారకముందే షట్టర్ తీసి, పాప చెయ్యి తన అరచేతిలో వెచ్చచేసి, ఒక్క పోటుతో రక్తం తీసి, ఐసు డబ్బాలో పెట్టి మొదటి బస్సుకు పంపుతాడు. ఇప్పటిదాకా రక్తం తీసినందుకు ఒక్క రూపాయి తీసుకోలేదు. తమ్ముడూ, నీ చెయ్యి చల్లగుండాలి.

ఎనుమాముల మార్కెట్‌లో మా బావతో కలిసి పనిచేసే హమాలీ అన్నలారా, మిర్చి సీజనులో ఒక రోజు కూలి మొత్తం మూటగట్టి ఇచ్చారు. ఆ ఘాటులో బస్తాలు మోసిన డబ్బు ఎంత విలువైనదో మాకు తెలుసు. రక్తం ఇవ్వడానికి కాజీపేటలో రైలెక్కి వచ్చిన విద్యార్థులు పేర్లు కూడా చెప్పకుండా వెళ్లిపోయారు. సహాయనిధి కాగితాల కోసం మాతో పాటు తిరిగిన సర్పంచి గారికీ, మా బడి ఉపాధ్యాయులకూ పేరుపేరునా నమస్కారాలు.

పాప ఎత్తు బంగారం (మేడారంలో బెల్లాన్నే అలా అంటారు) ఇస్తానని మా అమ్మ సమ్మక్క సారలమ్మలకు మొక్కుకుంది. జనం రద్దీలోకి పాపను తీసుకెళ్లవద్దని డాక్టర్లు చెప్పారు కనుక జాతర రోజుల్లో కాకుండా మామూలు రోజుల్లో మేడారం వెళ్లి బెల్లం తూకం వేయిస్తాం. ఆ ప్రసాదం మార్కెట్‌కు, ల్యాబ్‌కు, బడికి మేమే తెచ్చి ఇస్తాం. రక్తమిచ్చిన పిల్లలు మాత్రం ఎక్కడున్నారో చెప్పండి, మీ వాటా విడిగా తీసి పెడతాం.