మూడు వారాలుగా నా ఫైలు ఒక్కరైనా తెరిచారా?

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

నమస్కారం. నేను తెనాలిలో డీటీపీ షాపు నడుపుతాను. మీకు రాయడం ఇది ఏడోసారి. ముందు రాసిన ఆరు మెయిళ్లకీ ఒకే జవాబు వచ్చింది, కింద సంతకం పెట్టిన పేరు మాత్రం మారింది. అందుకే ఈసారి మొదటి నుంచి జరిగిందంతా రాస్తున్నాను, చివరి దాకా చదవండి.

మా బజారులో పచ్చళ్లు పెట్టి అమ్మే అక్క ఒకావిడ ఆర్డర్ల కోసం యాప్ చేయించుకుంటోంది. దానికి ఐకాన్ గీసిపెట్టమని నన్ను అడిగింది. ఊరగాయ జాడీ, పైసగం గోధుమరంగు, కిందసగం తెలుపు, మూతికి వాసెన కట్టిన గుడ్డ, అంతే. గీయడం అరపూట పని. బ్యాక్‌గ్రౌండ్ లేకుండా పీఎన్‌జీగా సేవ్ చేస్తే, మీ బొమ్మల సాఫ్ట్‌వేర్‌కి కొత్త అప్‌డేట్ వచ్చినప్పటి నుంచి జాడీ చుట్టూ సన్నటి తెల్ల గీత వస్తోంది. ప్లే స్టోర్‌కి ఇచ్చే 512 పిక్సెళ్ల బొమ్మలో దాన్ని ఎలాగో సర్దుకోవచ్చు. బ్రౌజర్ ట్యాబ్‌లో కనపడేది 16 పిక్సెళ్లే, అంటే అడ్డంగా పదహారు చిన్న గళ్లే, అటొక గడి ఇటొక గడి ఆ గీతకే పోతే ఇంక జాడీ ఎక్కడ కనపడుతుంది? చుక్కల ముగ్గులో ఒక చుక్క తప్పినా తెలిసిపోతుంది కదా, ఐకాన్ కూడా అలాంటిదే. 1984లో వచ్చిన మాకింతోష్ కంప్యూటర్ కోసం డిజైనర్ సుసాన్ కేర్ గారు గళ్ల కాగితం మీద ఒక్కో గడీ నింపుకుంటూ ఐకాన్లు గీశారు. బొమ్మల సాఫ్ట్‌వేర్ అమ్మే కంపెనీకి ఒక్క గడి విలువ ఇంకొకరు చెప్పాలా?

సాఫ్ట్‌వేర్ అన్నాక తప్పులు వస్తాయి, దానికి నాకు కోపం లేదు. ఆ తర్వాత మీవాళ్లు చేసిందానికే ఈ ఉత్తరం.

జూన్ 9న చాట్‌లో మొదటి ఆయన సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్లీ వేయమన్నారు. వేశాను. ఏళ్ల తరబడి చేసి పెట్టుకున్న బ్రష్‌లు, షార్ట్‌కట్లు అన్నీ పోయాయి, తెల్ల గీత మాత్రం అలాగే ఉంది. వాటిని ముందు దాచుకోమని ఒక్క మాట చెప్పి ఉంటే నాకు రెండు రోజుల పని తప్పేది. మర్నాడు ఇంకొకావిడ వచ్చి, బ్యాక్‌గ్రౌండ్ తెల్లగా పెట్టుకుంటే గీత కనపడదు కదా అన్నారు. అమ్మా, కస్టమర్ ఎర్ర రంగు మీద అడిగింది అంటే, చాట్ ముగించి ఎన్ని స్టార్లు ఇస్తారని అడిగారు. మూడో ఆయనైతే రెడీమేడ్ ఐకాన్లు చాలా దొరుకుతాయి, వాటిలో ఒకటి తీసుకోండి అన్నారు. నా చేతిపని మానేసి ఎవరిదో తెచ్చి పెట్టుకోమని చెప్పడానికా నేను ప్రతి నెలా మీకు డబ్బు కడుతున్నది?

ఫోన్ సంగతి ఇంకా ఘోరం. తెలుగు కోసం 4 నొక్కమంటే నొక్కాను. నలభై నిమిషాలు మ్యూజిక్ విన్నాక హిందీలో మాట్లాడే అబ్బాయి వచ్చాడు. నాకు వచ్చిన నాలుగు ముక్కల హిందీలో చెప్పుకుంటూ ఉంటే, తెలుగు వచ్చినవాళ్లకి కలుపుతానన్నాడు, లైన్ కట్ అయింది. ఇలా మూడుసార్లు. షాపులో ఐడీ కార్డులకి వచ్చిన పిల్లలు నా ముఖం చూసి ఏమైంది అంకుల్ అని అడిగారు.

అన్నిటికంటే నాకు ఎక్కువ బాధ కలిగించింది వేరే ఉంది. మొదటి రోజే మీరు అడిగారని ఫైలు డ్రైవ్ లింకు పంపాను. తర్వాత ఇంకో మూడుసార్లు అడిగితే అదే లింకు మళ్లీ పంపాను. "మీ ఫైలు క్షుణ్ణంగా పరిశీలించాం, సమస్య పరిష్కారమైంది" అని రాసి టికెట్ మూసేశారు. మొన్న చూసుకుంటే ఆ లింకుకి నేను అసలు పర్మిషనే ఇవ్వలేదు. మీలో ఎవరు దాన్ని తెరవాలన్నా ముందు నన్ను పర్మిషన్ అడగాలి, అడిగితే నాకు మెయిల్ వచ్చేది. మూడు వారాల్లో ఒక్కటి కూడా రాలేదు. మరి ఏం పరిశీలించారండీ?

2012 నుంచి మీ సాఫ్ట్‌వేరే వాడుతున్నాను. నా దగ్గర పని నేర్చుకున్న కుర్రాళ్లందరికీ ఇదే నేర్పాను, ఈ బజారులో నాలుగు షాపుల వాళ్లు నా మాట విని కొన్నారు. నిన్న ఇదే కంప్యూటర్‌లో ఉచితంగా దొరికే జింప్ అనే బొమ్మల సాఫ్ట్‌వేర్ వేసి అదే జాడీ గీశాను, అంచు శుభ్రంగా వచ్చింది. ఇంక నా కంప్యూటర్‌లోనే లోపం ఉందని దయచేసి అనకండి. అక్కకి అదే ఇచ్చాను. వారం ఆలస్యం అయినా ఆమె ఒక్క మాట అనలేదు, నాకే ముఖం చెల్లలేదు.

బొమ్మలు గీయడం తెలిసిన మనిషి ఒకరు నా ఫైలు తెరిచి, చూశాక నాకు తెలుగులో ఫోన్ చేయాలి. ఈ నెల కట్టిన డబ్బు సంగతి కూడా అప్పుడే తేల్చండి. పది రోజులు చూస్తాను. ఆ తర్వాత 1915కి ఫోన్ చేసి వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు పెడతాను, అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. 2019 చట్టం ప్రకారం నేనుండే జిల్లాలోనే కేసు వేయొచ్చు, ఐదు లక్షల లోపు అయితే ఫీజు కూడా లేదు. చాట్‌లు, మెయిళ్లు అన్నీ తారీకులతో సహా ప్రింట్ తీసి పెట్టుకున్నాను.

ఈసారి లింకు కాదు, ఫైలే మెయిల్‌కి జత చేశాను. తెరవండి.

ఇట్లు,
తెనాలి నుంచి మీ పాత కస్టమర్