కారవాన్ అద్దాలకు సిరామిక్ ఫిల్మ్ అంటించే ముందు

సంపాదకుల వారికి,

నమస్కారం. 2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. గట్టు మీదో, తీరం పక్కనో బండిలోనే బస చేద్దామనుకునేవాళ్లు ట్రావెలర్, వింగర్ లాంటి బళ్లు తీసుకుని కారవాన్లుగా కట్టించుకుంటున్నారు. సినిమా షూటింగుల పుణ్యమా అని కారవాన్ అనే మాట మన లంక గ్రామాల్లో కూడా కొత్తది కాదు. బండి కట్టించేవాళ్లు ముందుగా అడిగేది మాత్రం ఒకటే: "సిరామిక్ ఫిల్మ్ వేస్తే ఏసీ ఖర్చు సగానికి సగం తగ్గిపోతుందట కదండీ?" తగ్గదండీ. ఆ ఫిల్మ్, అంటే సిరామిక్ రేణువులు కలిపి అద్దాలకు అంటించే పల్చటి ప్లాస్టిక్ పొర, పనికొచ్చే వస్తువే. కానీ ఎక్కడ ఎంత పనికొస్తుందో తెలియక డబ్బు తగలేసుకుంటున్నవాళ్లు ఎక్కువయ్యారు కాబట్టి ఈ ఉత్తరం.

ముందు అంకెల సంగతి. డబ్బా మీద పెద్ద అక్షరాలతో "ఐఆర్ 97 శాతం" అని ఉంటుంది. ఐఆర్ అంటే ఇన్‌ఫ్రారెడ్, కంటికి కనిపించని వేడి కిరణాలు. చదివినవాళ్లు వేడిలో 97 శాతం ఆగిపోతుందనుకుంటారు. ఎండలో ఇన్‌ఫ్రారెడ్ దాదాపు సగమే. మిగతా సగంలో చాలావరకు కంటికి కనిపించే వెలుగు, ఓ నాలుగైదు శాతం అతినీలలోహిత కిరణాలు. వెలుగు కూడా లోపలికొచ్చి సీటు మీద, చెక్క మీద పడి వేడిగానే మారుతుంది. పైగా ఆ 97ను ఇన్‌ఫ్రారెడ్ మొత్తం మీద కొలవరు, అందులో ఫిల్మ్ బాగా ఆపే కొద్ది భాగం దగ్గరే కొలిచి రాస్తారు. చూడాల్సిన అంకె టీఎస్ఈఆర్, అంటే మొత్తం సౌరశక్తిలో అద్దం, ఫిల్మ్ కలిసి ఎంత శాతం బయటే ఆపాయన్నది. ఏ ఫిల్మూ లేని మామూలు తెల్ల అద్దం కూడా 18, 20 శాతం ఆపుతుంది. సగం వెలుగు వదిలే మంచి సిరామిక్ ఫిల్మ్ అంటిస్తే అది 45 నుంచి 55 దాకా పోతుంది. అంటే 80 పాళ్లు లోపలికి వచ్చే చోట 50 పాళ్లు వస్తాయి. తేడా అంతే. ఆ అంకెను ఏ మందం అద్దం మీద, ఏ కోణంలో కొలిచారో కూడా అడగాలి. ఏటవాలు కోణంలో కొలిస్తే దానంతటదే పెరుగుతుంది.

షాపులో చూపించే ఎర్ర బల్బు పరీక్షను నమ్మి కొనకండి. ఆ హీట్ ల్యాంపు ఇచ్చేది ఎక్కువగా ఇన్‌ఫ్రారెడ్. సిరామిక్ గెలిచేదీ సరిగ్గా అక్కడే. అర నిమిషం చెయ్యి పెట్టించి "చల్లగా ఉంది కదా సార్" అంటారు. బల్బును పది నిమిషాలు ఆర్పకుండా ఉంచమని, అప్పుడు ఫిల్మును ముట్టుకుని చూడండి. కాలుతుంది. అది నాసిరకమై కాదు. సిరామిక్ రేణువుల పనే వేడిని పీల్చుకోవడం. పీల్చుకున్న వేడిని అద్దం కొంత బయటికి, కొంత లోపలికి వదులుతుంది. బండి పరుగెడుతుంటే బయటి గాలి అద్దాన్ని చల్లార్చి వేడిని పట్టుకుపోతుంది. ఆగి ఉన్నప్పుడు, గాలి కూడా స్తంభిస్తే, లోపలికి వచ్చే వాటా పెరుగుతుంది. కారుకు నచ్చిన ఫిల్మ్ కారవాన్‌లో అంతగా ఆనకపోవడానికి కారణం ఇదే. కారు తిరిగే వస్తువు, కారవాన్ ఎక్కువసేపు నిలబడి ఉండే వస్తువు.

కాబట్టి ఆగినచోట ఎండను అద్దానికి బయటే ఆపాలి. ముందు అద్దానికి వెండిపూత కవరు కట్టేటప్పుడు బయటి నుంచి కట్టండి. లోపల కడితే ఎండ అప్పటికే అద్దం దాటేసి ఉంటుంది. పక్క కిటికీకి ఓ అడుగు దూరంలో కొబ్బరాకు తడిక నిలబెడితే ఏ ఖరీదైన ఫిల్మూ దాని ముందు నిలవదు. మన ఊళ్లో దానికి కరువు లేదు కూడా.

బండిని ఏ దిక్కుకు నిలబెట్టాలన్నది ఎవరూ పట్టించుకోరు గానీ, ఖర్చు లేని లాభం అందులోనే ఉంది. అమలాపురం దాదాపు 16.6 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే మొదటి వారంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు, రోహిణి కార్తెకల్లా కొంచెం ఉత్తరానికి జరుగుతాడు. అంటే మండే ఎండల్లో మధ్యాహ్నం దెబ్బ పడేది పైకప్పు మీద. నిలువు అద్దాలకు ముప్పు పొద్దున తూర్పు నుంచి, సాయంత్రం పడమర నుంచి. బండి ముక్కు తూర్పుకు పెడితే పొడవాటి పక్కలు రెండూ ఉత్తర దక్షిణాలకు వస్తాయి, పడమటికి వెనక తలుపు చిన్న అద్దాలే మిగులుతాయి. ఎడమ వైపు తలుపు ఉత్తరానికి వస్తుంది, మండే ఎండల్లో దానికి తగిలేది ఏటవాలు ఎండే. మధ్యాహ్నం దాటాక దక్షిణం, ఆగ్నేయం నుంచి వచ్చే సముద్రపు గాలి కుడి కిటికీల్లో దూరుతుంది. సంక్రాంతి రోజుల్లో దక్షిణపు కిటికీలకు ఎండ తగులుతుంది గానీ ఆ ఎండ ఎవరికీ చేదు కాదు.

ఇక చట్టం. మోటారు వాహనాల నిబంధనల్లో 100వ నిబంధన ప్రకారం ముందు, వెనక అద్దాలు 70 శాతం, పక్క అద్దాలు 50 శాతం వెలుగు వదలాలి. 2012 ఏప్రిల్ 27న సుప్రీంకోర్టు అద్దాల మీద విడిగా ఏ ఫిల్మూ అంటించవద్దంది. 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణలో, లోపలివైపు ప్లాస్టిక్ పొర ఉన్న భద్రతా అద్దానికి (సేఫ్టీ గ్లేజింగ్) చోటిచ్చారు. దాన్ని ఆధారం చేసుకుని 2024 సెప్టెంబరులో కేరళ హైకోర్టు, పై శాతాలకు లోబడిన ఫిల్ముకు జరిమానా వేయకూడదని చెప్పింది. అది కేరళ తీర్పు. రావులపాలెం దగ్గర రోడ్డు మీద ఆపినవారు దాన్ని ఒప్పుకుంటారన్న పూచీ లేదు. ఫిల్మ్ వేయించేవాళ్లు శాతం రాసిన బిల్లు, కంపెనీ సర్టిఫికెట్ బండిలో ఉంచుకోవాలి.

ఈ శాతాల దగ్గర చాలామంది చేసే తప్పు లెక్క ఒకటుంది. 50 శాతం వెలుగు వదిలే ఫిల్మ్ కొని పక్క అద్దానికి వేస్తే నిబంధనకు సరిపోయిందనుకుంటారు. అద్దం తన వంతు ముందే మింగేస్తుంది. లేత పచ్చ అద్దం 75 శాతమే వదులుతుందనుకోండి, దాని మీద 50 శాతం ఫిల్మ్ వేస్తే మిగిలేది 37న్నర. అదే అద్దానికి 50 మిగలాలంటే ఫిల్మ్ 67 శాతానికి తగ్గకూడదు, 70 శాతం రకం తీసుకోవాలి. ముందు అద్దం 78 వదిలేదైతే 90 శాతం ఫిల్మ్ వేసినా 70 మీద ఒరుసుకుంటూ నిలుస్తుంది. అందుకే ముందు అద్దాన్ని వదిలేయమంటాం. కొనే ముందు ఫిల్మ్ ముక్కను మీ అద్దానికే ఆనించి వెలుగు శాతం చూపే టింట్ మీటరుతో కొలిపించండి. మీటరు లేదన్న షాపుకు నమస్కారం పెట్టి వచ్చేయండి. నలుపు ఎక్కువైతే చల్లదనం ఎక్కువన్నదీ భ్రమే. రంగు వేసిన చవక ఫిల్మ్ నల్లగా ఉండి వేడిని వదిలేస్తుంది, కొన్నాళ్లకు ఊదారంగుకు తిరుగుతుంది. లోహపు పూత ఫిల్ము వేడిని బాగానే ఆపుతుంది కానీ ఫోన్ సిగ్నల్‌కు, ఫాస్టాగ్‌కు అడ్డం. సిరామిక్‌తో ఆ గొడవ లేదు.

దిగుమతి కిటికీలు పెట్టించుకున్నవాళ్లు ఇది తప్పక చదవాలి. కారవాన్లకని వచ్చే రెండు పొరల కిటికీలు చాలావరకు అద్దం కావు, అక్రిలిక్ అనే గట్టి ప్లాస్టిక్. పైకప్పు మీది గాలి గుమ్మటం కూడా అంతే. వీటికి ఫిల్మ్ అంటించవద్దు. అక్రిలిక్ నుంచి సన్నగా ఆవిరి వెలువడుతూ ఉంటుంది, అది ఫిల్మ్ కింద చిక్కి పొక్కుల్లా ఉబ్బుతుంది. వేడి పెరిగి పలక వంగుతుంది. స్పిరిట్, అమ్మోనియా కలిసిన ద్రావకంతో తుడిస్తే సన్నటి నెర్రెలు పడతాయి. తర్వాత పీకుదామంటే గీతలు పడకుండా ఊడి రాదు. తెలుసుకోవడం సులువే: గోరుతో కొడితే అద్దం టింగుమంటుంది, అక్రిలిక్ బొంగురుగా పలుకుతుంది. టఫెన్డ్ అద్దం మూలన ముద్ర కూడా ఉంటుంది. అక్రిలిక్ కిటికీలకు లోపల వెండిపూత తెర, బయట తడికే గతి.

ఫిల్మ్ ఎంత కావాలో ముందే కట్టుకుంటే షాపులో తగువుండదు. ఒక్కోటి 100 సెంటీమీటర్ల పొడవు, 60 ఎత్తు ఉన్న ఆరు కిటికీలనుకుందాం. నాలుగు వైపులా 5 సెంటీమీటర్లు వదిలితే 110, 70 అవుతాయి. రోలు వెడల్పు 152 సెంటీమీటర్లు కాబట్టి రెండు ముక్కలు పక్కపక్కన పడతాయి. మూడు వరసలకు 3.3 మీటర్లు. ఒక ముక్క చెడుతుందనుకుని ఇంకో వరస కలుపుకోండి. అద్దం కొలత 39 చదరపు అడుగుల లోపే, ఆ అదనపు వరస కాకుండానే ఖర్చయ్యే ఫిల్మ్ 54. బిల్లు దేని మీద వేస్తారో ముందే మాట్లాడుకోండి.

అంటించడంలో మన డెల్టాకు సొంతమైన చిక్కు నీళ్లు. చాలాచోట్ల బోరు నీళ్లు ఉప్పగా, సున్నంతో ఉంటాయి. ఆ నీళ్లతో అంటిస్తే తడి ఆరినా ఉప్పు ఫిల్మ్ కింద తెల్లటి చుక్కలుగా మిగిలిపోతుంది, ఇక పోదు. కాలువ నీళ్లలో ఒండ్రు. బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ నీళ్లు గానీ, ఆర్‌వో నీళ్లు గానీ వాడాలి. లీటరుకు నాలుగైదు చుక్కల బేబీ షాంపూ చాలు. ఎక్కువైతే జిగురు పట్టదు, తక్కువైతే ఫిల్మ్ జరగక మడత పడుతుంది. పొద్దున్నే నీడలో, ఫ్యాను ఆపి, కింద నేల తడిపి పని మొదలెట్టాలి. ఎండలో నీళ్లు ఇట్టే ఆరిపోతాయి, దుమ్ము లేచిందంటే ప్రతి రేణువూ ఓ పొక్కు.

అద్దం లోపలి వైపు కొత్త బ్లేడుతో గీకి, రబ్బరు అంచుల్లోని ఇసుకను తీసి, రెండుసార్లు కడగాలి. ముక్కను బయటివైపు పరిచి కొలతకు కోసుకోవాలి. అద్దం వంపుగా ఉంటే వేడిగాలి ఊదే హీట్ గన్‌తో అక్కడే వంపుకు తేవాలి. ఒకే చోట గన్ నిలిపితే ఫిల్మ్ ముడుచుకుపోతుంది. వెనక కాగితం ఊడదీస్తూ జిగురు మీద పిచికారీ చేసి, లోపల అంటించి, స్క్వీజీ అనే రబ్బరు పలకతో నడుమ నుంచి అంచులకు నీళ్లు నెట్టాలి. పదిహేను నిమిషాలాగి గట్టి కార్డుతో మరోసారి. అంచున ఒకటి రెండు మిల్లీమీటర్లు ఖాళీ ఉండాలి. రబ్బరు కిందికి తోస్తే అక్కడే లేవడం మొదలవుతుంది.

జరిపే అద్దాల కిటికీల్లో ఇంకో సంగతి. రెండు పలకల్లో బయటి పలకకు వేసిన ఫిల్ము లోపలి పలక వైపు ఉంటుంది. నడుమ ఉన్న బ్రష్ పట్టీలో ఇసుక చిక్కితే తెరిచిన ప్రతిసారీ దాన్ని గీస్తుంది. అంతర్వేది, ఓడలరేవు లాంటి తీరాలకు వెళ్లొచ్చాక ఆ గాడిని మంచినీళ్లతో కడగాలి. అంటించిన ఐదు రోజుల వరకు అద్దం జరపకూడదు, వానాకాలమైతే వారం పైనే. నీటి మసక, చిన్న నీటి పొక్కులు రెండు మూడు వారాల్లో వాటంతటవే పోతాయి, సూదితో పొడవకండి. వేలితో నొక్కితే కదలని గట్టి చుక్క మాత్రం దుమ్మే, అది పోదు. అలాంటివి కంటికెదురుగా ఉంటే బిల్లు కట్టక ముందే మార్పించుకోవాలి.

ఇంతా చేస్తే మిగిలేదెంత? సాయంత్రపు ఎండ పడే 3 చదరపు మీటర్ల తెల్ల అద్దానికి, సగం వెలుగు వదిలే ఫిల్మ్ వేస్తే దాదాపు 600 వాట్ల వేడి తగ్గుతుంది. ఒక టన్ను ఏసీ లాగేది 3,500 వాట్ల వేడి, అంటే అందులో ఆరో వంతు. కరెంటులో చూస్తే 200 వాట్ల ఆదా. 12 వోల్టుల 200 ఆంపియర్-అవర్ లిథియం బ్యాటరీ మీద ఏసీ రెండు గంటలు నడిచేచోట రెండున్నర నడుస్తుంది, అదీ ఎండ అద్దం మీద ఉన్నంతసేపే. 70 శాతం రకమైతే, అందులోనూ అద్దం ముందే పచ్చదైతే, లాభం ఇంకా తక్కువ. ఉక్కపోత మీద ఫిల్ముకు ఏ పట్టూ లేదు. గాలిలో తేమ లాగడానికి ఏసీ పడే శ్రమ అలాగే ఉంటుంది. పది చదరపు మీటర్ల పైకప్పు ముదురు రంగులో ఉంచుకుని అద్దాల ఫిల్ము కోసం ఆరాటపడేవాళ్లు ముందు కప్పుకు తెల్ల పెయింటు వేయించి, లోపల రేకుకు, ప్లైవుడ్‌కు మధ్య 25 మిల్లీమీటర్ల ఫోమ్ షీటు సందు లేకుండా పరిపించాలి. వెండి కాగితం ఒక్కటే రేకుకు అంటించి పైన ప్లైవుడ్ బిగిస్తే పని చేయదు, దాని ముందు రెండు సెంటీమీటర్ల గాలి సందు ఉండాలి. కప్పు, తడిక, ఆ తర్వాతే ఫిల్ము.

బిల్లు మీద ఫిల్మ్ రకం పేరు, బ్యాచ్ నంబరు, వీఎల్‌టీ (ఫిల్మ్ వదిలే వెలుగు శాతం), టీఎస్ఈఆర్, అంటించాక మీ అద్దం మీద కొలిచిన శాతం రాయించుకోండి. వారంటీలో అంచు లేవడం, పొక్కులు కూడా వస్తాయా లేక రంగు పోవడం ఒక్కటేనా అన్నది కూడా అందులోనే ఉండాలి.

ఇట్లు,
వాహనాల అద్దాలు, బాడీ పనివారు కొందరు,
రావులపాలెం